పోయినేడాది పంట, ఈ ఏడాది కౌలు

2025 ఆగస్టు 15, శుక్రవారం. మన గడియారంలో రాత్రి పదకొండుకు గడువు. పన్నెండున్నరకు ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, బోర్న్‌మత్ మ్యాచ్‌తో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కొత్త సీజన్ మొదలు. ఆలోపు ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడేవాళ్లంతా తమ పదిహేను మందిని ఖాయం చేసుకోవాలి. ఫోన్‌లో జాబితా తెరిస్తే పోయిన సీజన్ పాయింట్ల వరుసలో అందరికంటే పైన మొహమ్మద్ సలా ఉన్నాడు. 344 పాయింట్లు. 2002-03లో ఈ ఆట మొదలైన దగ్గర్నుంచి ఒక్క సీజన్‌లో అన్ని పాయింట్లు తెచ్చినవాడు లేడు. ధర 14.5 మిలియన్ పౌండ్లు. చేతిలో ఉన్నది మొత్తం పదిహేను మందికీ కలిపి 100 మిలియన్లు.

డల్లాస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం, ఆఫీసు భోజన విరామం. "ఇంకా ఆలోచనేంటి బావా? పోయినేడాది నంబర్ వన్. పెట్టేసేయ్."

పొలం కౌలుకు తీసుకునే రైతు ముందు అడిగేది కూడా అదే: పోయినేడాది ఎకరానికి ఎన్ని బస్తాలు? కానీ ఆ ఒక్క ప్రశ్నతో ఆగే రైతు ఉండడు. ఏ విత్తనం వేశారు, కాలువ నీళ్లు చివరి మడిదాకా అందాయా, వాన అదునుకు పడిందా, కోతల వేళ తుపాను తప్పిందా అని ఆరా తీస్తాడు. ఆ బస్తాల్లో నేల వంతు ఎంత, ఆ ఏటి వాన వంతు ఎంత అని విడదీసుకుంటాడు. నేల అక్కడే ఉంటుంది. వాన మళ్లీ అలాగే పడుతుందని ఎవరూ రాసివ్వరు. పైగా బాగా పండిన ఏడాది తర్వాత ఆసామి కౌలు పెంచుతాడు. ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌లో ఆటగాడి గతాన్ని చదవడమంటే ఇదే పని. పాయింట్ల మొత్తం బస్తాల లెక్క లాంటిది. అందులో మళ్లీ పండేదేదో, ఆ ఏడాదికే సరిపోయేదేదో విడదీయడం మీదే అంతా ఆధారపడి ఉంది. ఈ విషయంలో ఇన్నేళ్లలో పోగైన జ్ఞానం చాలానే ఉంది. చాలామంది మాత్రం మొత్తం దగ్గరే ఆగిపోతున్నారు.

ఈ రకం ఆట అమెరికాలో పుట్టింది. అక్కడి ఫుట్‌బాల్ వేరు. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్ 1962లో న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో కొందరు మిత్రులతో కూర్చుని నియమాలు రాశాడు. మరుసటి ఏడాది వాళ్లు మొదటిసారి ఆటగాళ్లను పంచుకున్నారు. ఇంగ్లండ్‌లో 1991లో ఆండ్రూ వెయిన్‌స్టీన్ సాకర్‌కు తగ్గట్టు ఇలాంటి ఆటను నడిపాడు. 1994లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక దాన్ని లక్షల మందికి చేర్చింది. ఇప్పుడు ప్రీమియర్ లీగ్ వారి ఉచిత ఆటలోనే కోటి మందికి పైగా జట్లు కడుతున్నారు. హైదరాబాద్‌లో, విజయవాడలో, న్యూజెర్సీలో ఉన్నవాళ్లు కలిసి మినీ లీగ్ పెట్టుకుని వాట్సాప్‌లో వాదించుకోవడం మన ఇళ్లలో మామూలైంది.

నియమాలు తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒక క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు. అరవై నిమిషాలు ఆడితే 2 పాయింట్లు. గోల్ కొడితే ఫార్వర్డ్‌కు 4, మిడ్‌ఫీల్డర్‌కు 5, డిఫెండర్‌కు 6. గోల్‌కు పాస్ అందిస్తే 3. జట్టు గోల్ ఇవ్వకుండా ఆట ముగిస్తే, అంటే క్లీన్ షీట్ అయితే, డిఫెండర్‌కూ గోల్‌కీపర్‌కూ 4. కెప్టెన్‌గా పెట్టినవాడి పాయింట్లు రెట్టింపు. ఉచితంగా ఇచ్చిన మార్పులు దాటితే ఒక్కో మార్పుకు 4 పాయింట్ల కోత.

గతం ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే పేరు మిచు. 2012 వేసవిలో స్వాన్సీ అతన్ని స్పెయిన్‌లోని రాయో వాయెకానో నుంచి సుమారు 2 మిలియన్ పౌండ్లకు తెచ్చుకుంది. మొదటి మ్యాచ్‌లోనే క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద రెండు గోల్స్ కొట్టాడు. సీజన్ అయ్యేసరికి లీగ్‌లో 18. చౌకలో దొరికిన ఆణిముత్యం అని ఫ్యాంటసీ ఆడినవాళ్లంతా మురిసిపోయారు. మరుసటి ఏడాది ధర పెరిగింది, జనం ఎగబడి తీసుకున్నారు. లీగ్‌లో అతను కొట్టినవి 2 గోల్స్. గాయాలు పట్టి పీడించాయి, సగం మ్యాచ్‌లు కూడా ఆడలేదు. గాయాన్ని ముందే ఎవరూ చెప్పలేరు, నిజమే. కానీ గాయం లేకపోయినా 18 మళ్లీ వచ్చేవా? ఒక్క సీజన్ చూసి ఆ మాట అనగలమా?

ఈ ప్రశ్నకు గణాంక శాస్త్రం చాలాకాలం కిందటే జవాబు వెతికింది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తూ పిల్లల ఎత్తూ పోల్చి చూశాడు. బాగా పొడుగైన దంపతుల పిల్లలు పొడుగే, కానీ సగటున తల్లిదండ్రులంత కాదు. ఏ కొలతలోనైనా కొంత స్థిరమైన వంతు, కొంత కాకతాళీయమైన వంతు కలిసి ఉంటే, కొసన ఉన్నవాళ్లు మరుసటిసారి సగటు వైపు జరుగుతారు. జాబితా తలభాగంలో ఉన్నవాళ్లు సత్తా ఉన్నవాళ్లే. ఆ ఏడాది కలిసొచ్చినవాళ్లు కూడా. కలిసిరానివాళ్లు, అంతే సత్తా ఉన్నా, జాబితాలో ఎక్కడో కిందుంటారు.

ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ కాబట్టి ఈ కాకతాళీయం వంతు మరీ ఎక్కువ. ఒక ఫార్వర్డ్ అసలు సత్తా సీజన్‌కు 15 గోల్స్ అనుకుందాం. ఏ మార్పూ లేని, రాయిలాంటి 15. అయినా ఏటా 15 రావు. ఇలా అరుదుగా జరిగే వాటి లెక్కలో ఊగిసలాట సుమారుగా సగటుకు వర్గమూలమంత ఉంటుంది, అంటే ఇక్కడ నాలుగు. మూడు సీజన్లలో రెండుసార్లు 11కీ 19కీ మధ్య ఎక్కడో పడతాడు. మూడోసారి ఆ హద్దులూ దాటతాడు. 20 కొట్టిన ఏడాది "ఎదిగాడు" అంటాం. 10 కొట్టిన ఏడాది "పనైపోయింది" అంటాం. మనిషి అతనే, ఆటా అదే.

మరి గతాన్ని ఎంత నమ్మాలి? దీనికి నేను చదివినవాటిలో అందమైన ఉదాహరణ బేస్‌బాల్ నుంచి వచ్చింది. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1970 సీజన్‌లో 18 మంది ఆటగాళ్ల మొదటి 45 అవకాశాలు తీసుకున్నారు. మిగతా సీజన్‌లో వాళ్లు ఎలా ఆడతారో వాటి ఆధారంగా చెప్పాలి. ఎవరి సగటు వాళ్లకు అలాగే రాసేయడం ఒక దారి. మరో గణాంక శాస్త్రవేత్త చార్ల్స్ స్టైన్ చూపించిన దారి ఇంకొకటి: ప్రతివాడి సగటునూ పద్దెనిమిది మంది ఉమ్మడి సగటు వైపు గట్టిగా లాగాలి. ఎక్కువ ఉన్నవాడిని కిందికి, తక్కువ ఉన్నవాడిని పైకి. అలా లాగిన అంచనాల్లో మొత్తం తప్పు మూడు రెట్లకు పైగా తగ్గింది.

ఈ కథలో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. ఆ పద్దెనిమిది మందిలో అగ్రస్థానం రాబర్టో క్లెమెంటేది. 45 అవకాశాల్లో 18 సఫలం, అంటే 40 శాతం. స్టైన్ పద్ధతి అతన్ని 29 శాతం చుట్టుపక్కలకు దించింది. మిగతా సీజన్‌లో అతను కొట్టింది 34.6 శాతం. 40 అన్నవాడూ తప్పే, 29 అన్నవాడూ దాదాపు అంతే తప్పు. క్లెమెంటే అప్పటికి పదిహేనేళ్లుగా ఆడుతున్నాడు. అంతకుముందు సీజన్లలో కూడా 34, 35 శాతం చూసినవాడు. ఆ పదిహేనేళ్ల చరిత్ర తెలిసినవాడెవడైనా రెండు అంచనాలనూ కాదని 34 అనేవాడు. పొట్టి గతాన్ని సగటు వైపు లాగాలి. పొడుగు గతం ఉన్నవాడిని అతని సొంత సగటు వైపు లాగాలి. ఫ్యాంటసీ ఆటలో జరిగే తప్పుల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తున్నాయని నా నమ్మకం.

సలాను ఈ దృష్టితో చూడండి. లివర్‌పూల్‌కు వచ్చిన 2017-18 నుంచి లీగ్‌లో అతని గోల్స్: 32, 22, 19, 22, 23, 19, 18, 29. మొదటిదీ చివరిదీ పక్కన పెడితే మధ్య ఆరేళ్లు 18కీ 23కీ మధ్యే. 32 కొట్టిన తర్వాత 22 వచ్చినప్పుడు "పడిపోయాడు" అన్నారు. నిజానికి 22 దగ్గరే అతని సొంత ఇల్లు. 29 తర్వాత ఏం రావచ్చో ఆ వరుసే చెబుతోంది.

పాయింట్ల మొత్తాన్ని విప్పి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. అందులో అన్నింటికంటే నిలకడగా మరుసటి ఏడాదికి వెళ్లేది ఆడిన నిమిషాలు. వినడానికి చప్పగా ఉంటుంది, కానీ మైదానంలో లేనివాడికి ఏ పాయింటూ రాదు. కోచ్ నమ్మకం, ఒంటి దృఢత్వం, క్లబ్‌లో పోటీ తక్కువగా ఉండటం, ఇవన్నీ నిమిషాల్లో కనిపిస్తాయి. రెండు మూడు సీజన్ల నిమిషాలు వరుసగా నిండుగా ఉన్నవాడికి మొదటి మొగ్గు ఇవ్వాలి. ఒకే సీజన్‌లో విజృంభించి, అంతకుముందు రెండేళ్లు ఆసుపత్రి చుట్టూ తిరిగినవాడి విషయంలో ఆగి ఆలోచించాలి. లీడ్స్ తరఫున 2020-21లో 17 గోల్స్ కొట్టిన పాట్రిక్ బామ్‌ఫర్డ్ మరుసటి సీజన్ గాయాలతో తొమ్మిదే మ్యాచ్‌లు ఆడాడు.

ఆ తర్వాత చూడాల్సింది పెనాల్టీలు. పెనాల్టీ దాదాపు నాలుగింట మూడుసార్లు గోల్ అవుతుంది. అది ఎవరు కొడతారన్నది ఆటగాడి సత్తా కంటే జట్టులో అతనికిచ్చిన బాధ్యత. ఆ బాధ్యత చేతులు మారితే గతం చెల్లదు. బ్రూనో ఫెర్నాండెజ్ 2020-21లో మాంచెస్టర్ యునైటెడ్‌కు లీగ్‌లో 18 గోల్స్ కొట్టాడు, అందులో 9 పెనాల్టీలు. 244 పాయింట్లతో ఆ ఏడాది ఫ్యాంటసీ రాజు అతనే. 2021 ఆగస్టు చివర్లో క్రిస్టియానో రొనాల్డో యునైటెడ్‌కు తిరిగొచ్చాడు. పెనాల్టీలు ఎవరివో ఇక చెప్పక్కర్లేదు. బ్రూనో ఆ సీజన్ 10 గోల్స్ దగ్గర ఆగాడు. ఇది కాకతాళీయం కాదు, కంటికి కనిపించిన మార్పు. పాత పాయింట్లనే చూస్తూ కూర్చున్నవాళ్లు దాన్ని గమనించలేదు.

మూడోది అవకాశాల నాణ్యత. గత పదేళ్లుగా అందరి నోటా వినిపిస్తున్న ఎక్స్‌జీ ఇదే. ప్రతి షాట్‌కూ, అది ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, కాలితోనా తలతోనా అన్నదాన్ని బట్టి, అలాంటి షాట్లు గతంలో ఎన్నింట్లో గోలయ్యాయో చూసి ఒక విలువ వేస్తారు. గోల్‌కు ఆరడుగుల దూరంలోంచి తోసేదానికి ఎక్కువ, ముప్పై గజాల నుంచి బాదేదానికి నూటికి రెండో మూడో. వాటిని కూడితే ఆటగాడికి ఎన్ని గోల్స్ రావాల్సిందో తెలుస్తుంది. వచ్చిన గోల్స్ అంతకంటే చాలా ఎక్కువైతే జాగ్రత్తపడాలి. తక్కువైతే అతన్ని వదులుకోకూడదు. గోల్స్ కంటే అవకాశాలు ఎక్కువగా పుడతాయి కాబట్టి వాటి లెక్క త్వరగా స్థిరపడుతుంది. వాన వంతు తగ్గి నేల వంతు బయటపడుతుందన్నమాట.

దీనికీ హద్దుంది. సన్ హ్యుంగ్ మిన్ ఏళ్ల తరబడి తన ఎక్స్‌జీని దాటి గోల్స్ కొట్టాడు. రెండు కాళ్లతోనూ ఒకేలా, దూరం నుంచి కూడా అంతే గురిగా కొట్టగలడు, ఆ నైపుణ్యం నిజమైనదే. 2021-22లో ఒక్క పెనాల్టీ లేకుండా 23 గోల్స్ కొట్టి సలాతో గోల్డెన్ బూట్ పంచుకున్నాడు. తర్వాతి సీజన్ 10. ఆపై 17. నైపుణ్యం ఉన్నవాడికి కూడా దాని మీద పడే వాన ఏటా ఒకేలా ఉండదు.

డిఫెండర్లు, గోల్‌కీపర్ల సంగతి వేరు. వాళ్ల పాయింట్లు జట్టువి, మనిషివి కావు. చిన్న లెక్క చూడండి. మ్యాచ్‌కు సగటున 1 గోల్ ఇచ్చే జట్టుకు క్లీన్ షీట్ అవకాశం సుమారు 37 శాతం, అంటే 38 మ్యాచ్‌ల్లో 14. సగటు ఒకటిన్నరకు పెరిగితే అది 22 శాతానికి, ఎనిమిది మ్యాచ్‌లకు పడిపోతుంది. రెండు మ్యాచ్‌లకు ఒక్క గోల్ తేడాతో డిఫెండర్ ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. 2017-18లో మాంచెస్టర్ యునైటెడ్ 28 గోల్సే ఇచ్చింది. డేవిడ్ డి హియా 18 క్లీన్ షీట్లతో గోల్డెన్ గ్లవ్ అందుకున్నాడు. ప్రత్యర్థులకు దక్కిన అవకాశాల నాణ్యత చూసినవాళ్లు మాత్రం ఈ జట్టు ఇంతకంటే చాలా ఎక్కువ గోల్స్ ఇవ్వాల్సిందని, గోల్‌కీపర్ ఒక్కడే అడ్డంగా నిలబడి కాపాడుతున్నాడని ఆ సీజన్‌లోనే చెప్పారు. మరుసటి ఏడాది యునైటెడ్ ఇచ్చిన గోల్స్ 54. ఛాంపియన్ లెస్టర్ కథా అదే దారి: 2015-16లో 36 గోల్స్ ఇచ్చిన జట్టు తర్వాతి సీజన్ 63 ఇచ్చింది. డిఫెండర్‌ను ఎంచుకునేటప్పుడు పోయిన సీజన్ క్లీన్ షీట్ల కంటే, జట్టు ప్రత్యర్థికి ఎలాంటి షాట్లు ఇచ్చిందో చూడటం మేలు.

వారం వారం "ఫామ్" సంగతికొస్తే, ఫ్యాంటసీ ఆడేవాళ్లను అన్నింటికంటే ఎక్కువ నష్టపెట్టేది ఇదే. జాబితాలో ఫామ్ అనే గడి ఉంటుంది, గత ముప్పై రోజుల సగటు. నాలుగైదు మ్యాచ్‌లకు మించదు. 2019 ఆగస్టులో నార్విచ్ ఆటగాడు టీము పుక్కి మొదటి మూడు మ్యాచ్‌ల్లో 5 గోల్స్ కొట్టాడు. న్యూకాజిల్ మీద హ్యాట్రిక్, లివర్‌పూల్ మీదా చెల్సీ మీదా ఒక్కోటి. జనం వెల్లువలా అతని మీద పడ్డారు. ఒక చేతి లెక్క వేసి చూద్దాం. అతని మూడు మ్యాచ్‌లకు మామూలు ఫార్వర్డ్ ఇరవై మ్యాచ్‌లు కలుపుదాం, మ్యాచ్‌కు 0.3 గోల్ చొప్పున. 23 మ్యాచ్‌ల్లో 11 గోల్స్, అంటే మ్యాచ్‌కు సుమారు 0.48. మూడు మ్యాచ్‌లు చెప్పిన 1.67 ఎక్కడ, ఇది ఎక్కడ? జరిగింది ఇంకా తక్కువ. మిగతా 33 మ్యాచ్‌ల్లో పుక్కికి 6 గోల్స్. నార్విచ్ అట్టడుగున దిగిపోయింది.

ఊపు అనేది అసలే లేదని మాత్రం అనలేం. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు బాస్కెట్‌బాల్ షాట్లు పరిశీలించి, వరుసగా వేసినవాడు తర్వాతిదీ వేస్తాడన్నది భ్రమేనన్నారు. ముప్పై ఏళ్లు అందరూ అదే అప్పజెప్పారు. 2018లో మిల్లర్, సన్‌హుర్హో వాళ్ల లెక్క పద్ధతిలోనే సూక్ష్మమైన పక్షపాతం ఉందని, దాన్ని సరిచేస్తే ఊపు కొంత కనిపిస్తుందని చూపారు. నాకు తోచేదేమిటంటే, ఊపు ఉన్నా చిన్నది, మన కంటికి మాత్రం పదింతలుగా కనిపిస్తుంది. అంత చిన్నదాని కోసం 4 పాయింట్లు కోయించుకుని మనిషిని మార్చడం గిట్టుబాటు కాదు. ఆ ఊపు వెనక ఆటగాడి స్థానం ముందుకు జరగడమో, పెనాల్టీ దక్కడమో ఉంటే మాట వేరు.

వేరే లీగ్‌లో సంపాదించిన గతం ఇంకో చిక్కు. రెండో అంచె ఛాంపియన్‌షిప్‌లో 2019-20లో 26 గోల్స్ కొట్టిన అలెగ్జాండర్ మిత్రోవిచ్, ఫుల్హామ్‌తో పైకి వచ్చాక 2020-21లో 3 కొట్టాడు. మళ్లీ కింద 2021-22లో 43 కొట్టి రికార్డు సృష్టించాడు. పైకొచ్చాక 14. మనిషి ఒక్కడే, క్లబ్ ఒక్కటే, రెండుసార్లు రెండు ఫలితాలు. మధ్యలో మారింది కోచ్, ఆట తీరు. జర్మనీలో 28 గోల్స్ కొట్టి 2020లో చెల్సీకి వచ్చిన టిమో వెర్నర్ ఇక్కడ 6 దగ్గర ఆగాడు. అదే జర్మనీ నుంచి 2022లో వచ్చిన ఎర్లింగ్ హాలండ్ మొదటి సీజన్‌లోనే 36 కొట్టి లీగ్ రికార్డు రాశాడు. 2023-24లోనూ 2024-25లోనూ పైకొచ్చిన మూడు జట్లూ ఆ ఏడే దిగిపోయాయి కాబట్టి, ఛాంపియన్‌షిప్ అంకెలకు ఈ మధ్య ఇంకా ఎక్కువ తరుగు తీయాలి.

ఇక ధర. పోయినేడాది పాయింట్లు ఎవరికీ రహస్యం కాదు. నిర్వాహకులు వాటిని చూసే ధర కడతారు. కౌలు పెరిగినట్టే. 2015-16లో రియాద్ మహ్రెజ్ 5.5 మిలియన్లకు దొరికేవాడు. 17 గోల్స్, 240 పాయింట్లు ఇచ్చాడు. మరుసటి ఏడాది బాగా ఎక్కువ ధరకు తీసుకున్నవాళ్లకు అతనిచ్చింది 6 గోల్స్. కోల్ పామర్ 2023-24 మొదట్లో 5 మిలియన్ల కుర్రాడు, 22 గోల్స్ కొట్టాక 10.5 అయ్యాడు. అతను పడిపోలేదు, మరుసటి సీజన్‌లోనూ 15 గోల్స్ ఇచ్చాడు. కానీ 5కి 22 గోల్స్ అనే బేరం ఇక దొరకదు. అందుకే గతాన్ని చదవడంలో లాభమంతా అది ధరలోకి ఎక్కకముందు ఉంటుంది. సీజన్ చివరి రెండు నెలల్లో కొత్త కోచ్ కింద స్థానం దొరికినవాడు, అవకాశాలు వచ్చినా గోల్స్ రానివాడు, గాయంతో మొత్తం తగ్గినా ఆడినంతసేపు బాగా ఆడినవాడు, వీళ్లంతా జాబితా మధ్యలో చౌకగా ఉంటారు.

పాత పాయింట్లు పాత నియమాలతో లెక్కించినవన్నదీ మర్చిపోకూడదు. 2025-26 నుంచి రక్షణ పనికి పాయింట్లు వచ్చాయి. డిఫెండర్ ఒక మ్యాచ్‌లో క్లియరెన్స్, బ్లాక్, ఇంటర్‌సెప్షన్, ట్యాకిల్ కలిపి 10 చేస్తే 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్, ఫార్వర్డ్ అయితే బంతిని తిరిగి దక్కించుకోవడం కూడా కలిపి 12. పోయినేడాది జాబితాలో కింద ఉన్న గట్టి డిఫెండర్లు ఈ కొలతతో ఎంతో పైకి వస్తారు. పాయింట్లను పక్కన పెట్టి పాత ట్యాకిళ్ల లెక్క తీసి, కొత్త నియమంతో మళ్లీ కూడుకున్నవాళ్లకు ఆగస్టులోనే ఆ సంగతి తెలిసింది. పరిస్థితులు కూడా అంతే. కోవిడ్ వల్ల ప్రేక్షకులు దాదాపు లేని 2020-21 సీజన్‌లో సొంత మైదానంలో గెలుపులు 144, బయట గెలుపులు 153. ఆ ఏడాది చూసి సొంత మైదానానికి విలువ లేదనుకున్నవాడు మరుసటి ఏడాది దెబ్బతిన్నాడు.

ఇంత విడదీసి చూస్తే నిజంగా ఫలితం ఉంటుందా, అంతా అదృష్టమేనా? ఉంటుందనే ఆధారాలున్నాయి. 2012లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గత గణాంకాల నుంచి సంభావ్యతలు కట్టి, వారం వారం జట్టును ఎంచే ప్రోగ్రామ్ రాశారు. సగటున అది 25 లక్షల మంది మనుషుల్లో పై ఒక శాతంలో నిలిచింది. 2021లో ఐర్లండ్ పరిశోధకులు ఈ ఆట ఆడేవారి అనేక ఏళ్ల ఫలితాలు తీసి, ఒక ఏడాది బాగా ఆడినవాళ్లు మరుసటి ఏళ్లలోనూ సగటు కంటే పైన ఉంటున్నారని చూపారు. అప్పటి చదరంగం ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ 2019 డిసెంబరులో సుమారు 70 లక్షల మందిలో మొదటి స్థానానికి చేరాడు. అన్నేళ్ల లెక్కల అలవాటు ఉన్నవాడు అక్కడ కనిపించడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

మన దేశంలో ఈ ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది, పడిపోయిన ముక్కలు గుర్తుంచుకోవాలి కనుక. అదే దారిలో 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫ్యాంటసీ ఆటలో ఆటగాళ్ల బలాబలాలు బేరీజు వేసి జట్టు కట్టడం నైపుణ్యమేనంది. గతాన్ని చదవడమే నైపుణ్యం అన్నమాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూద చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దాన్ని దేశమంతటికీ విస్తరించింది. నాకైతే ఆ నిషేధాలతో పేచీ లేదు. నైపుణ్యం ఉన్న ఆటే అయినా, ఒక్క వారంలో దాని వంతు ఎంత తక్కువో పైన లెక్కల్లో చూశాం. నైపుణ్యం 38 వారాల్లో బయటపడుతుంది. జీతం పెట్టి ఆడే కుర్రాడికి అంత ఓపిక, అంత డబ్బు ఉండవు. ఉచితంగా ఆడే ఈ ఆటలో పోయేది కొంత నిద్ర.

ఆ శుక్రవారం రాత్రి గడువుకు పావుగంట ముందు బావమరిదికి 344ను విప్పి చెప్పాను. 29 గోల్స్‌కు 145. అందులో 9 పెనాల్టీలవి 45. 38 మ్యాచ్‌లూ ఆడినందుకు దాదాపు 76. 18 పాస్‌లకు 54. మిగతా దాదాపు 70 బోనస్, క్లీన్ షీట్లు వగైరా. మళ్లీ రాగలవి 76, పెనాల్టీల 45. మిగతా గోల్స్ అతని సొంత సగటుకు దిగుతాయి. వయసు 33. కుడివైపు ఏళ్లుగా అతనికి బంతి అందించిన ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. లూయిస్ డియాజ్, డార్విన్ నూన్యెజ్ కూడా లేరు, ముందు వరుసలో కొందరు కొత్తవాళ్లు. డిసెంబరులో ఆఫ్రికా కప్‌కు అతను వెళ్లాలి. "మంచి నేలే. ఈ కౌలుకు మాత్రం కాదు," అన్నాను. అతను వినలేదు. తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో, ఇంజురీ టైమ్‌లో సలా గోల్ కొట్టాడు, లివర్‌పూల్ 4-2తో గెలిచింది. డల్లాస్ నుంచి వరుసగా పన్నెండు మెసేజ్‌లు.

నవంబరు 30, ఆదివారం. వెస్ట్ హామ్‌తో మ్యాచ్‌కు లివర్‌పూల్ జట్టు ప్రకటించారు. సలా బెంచి మీద ఉన్నాడు. అక్కడ ఇంకా తెల్లవారుతోంది, అయినా ఫోన్ మోగింది. "బావా, ఆ 145, 45, 76 అని ఆరోజు ఏదో చెప్పావే. ఇంకోసారి చెప్పు, రాసుకుంటాను."